ట్రాక్టర్ క్యాబిన్ చల్లబడాలంటే: గ్యాస్ ముందా, గ్లాసు ముందా?

మాది పెద్దపల్లి జిల్లా. యాసంగి వరి కోతలు అయిపోగానే గడ్డి చుట్టలు కట్టే పని మొదలవుతుంది. అంటే సరిగ్గా ఏప్రిల్, మే నెలలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో, ఆ దుమ్ములో రోజంతా కూర్చోలేకే ఏసీ క్యాబిన్ ఉన్న ట్రాక్టర్ తీసుకున్నాం. మొదటి వేసవి హాయిగా గడిచింది. రెండో వేసవికి మధ్యాహ్నం పన్నెండు దాటితే గాలి వస్తుంది గానీ చల్లదనం లేదు. "అన్నా, తలుపులు తీసి నడిపితేనే నయముంది" అన్నాడు మా డ్రైవర్.

గ్యాస్ కొట్టించమని ఒకరు, అద్దాలకు ఫిల్మ్ వేయించమని ఒకరు, పైన ఇంకో ఏసీ పెట్టించమని మరొకరు చెప్పారు. డబ్బు తీసే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. నడినెత్తి ఎండలో ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల వేడి పడుతుంది. ఇంట్లో పెట్టుకునే ఒక టన్ను ఏసీ లోపలి నుంచి తోడిపోసే వేడి దాదాపు 3500 వాట్లు. మూడున్నర చదరపు మీటర్ల ఎండ లోపలికి వచ్చిందంటే ఒక టన్ను ఏసీ పని అక్కడికే సరి. చిన్న క్యాబిన్‌కు నాలుగు వైపులా అద్దమే. అన్నిటి మీదా ఒకేసారి ఎండ పడకపోవచ్చు, కానీ పైకప్పు, ముందు అద్దం, ఒక పక్క తలుపు చాలు. కాళ్ల కింద గేర్‌బాక్సు వేడి, ముందు ఇంజన్ వేడి అదనం. పైగా చుట్టలు కట్టేటప్పుడు బండి నడక వేగంతో పోతుంది, కారుకు తగిలినట్టు ఎదురుగాలి తగలదు. లోపలి వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు ఫ్యాన్ ఇచ్చే గాలే దిక్కు.

అందరూ ముందు గ్యాస్ వైపే పోతారు. నేనూ అదే చేశాను, ఒకే వేసవిలో రెండుసార్లు. రెండోసారి గ్యాస్ కొట్టిన మెకానిక్ ప్రెషర్ చూసే గేజీ కూడా పెట్టలేదు, పైపు చేత్తో పట్టుకొని "చల్లగుంది, సరిపోయింది" అన్నాడు. మర్నాటికి ఇంకా అధ్వానం. గ్యాస్ అంటే డీజిల్ లాగా వాడితే తరిగిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు కట్టకుండా ఎన్నిసార్లు నింపినా చిల్లు కుండలో నీళ్లే. ఎక్కువ నింపితే మరీ నష్టం: కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి వేడి వదిలే చోటు తగ్గుతుంది, ప్రెషర్ పెరుగుతుంది, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ మీద బరువు పడుతుంది. రెండు గేజీలు పెట్టి, లీకు చూసి, గొట్టాల్లోని గాలి, తేమ తోడేసి (వాక్యూమ్ తీసి), కంపెనీ చెప్పిన తూకం ప్రకారం నింపేవాడు దొరికితేనే గ్యాస్ మీద డబ్బు పెట్టండి.

దీని పక్కన కండెన్సర్ శుభ్రం చేయడాన్ని పెట్టి చూడండి. మా బండికి అది రేడియేటర్ ముందు ఉంటుంది, కొన్నిటికి క్యాబిన్ పైకప్పులో ఉంటుంది. జాలి విప్పి చూస్తే ముందు వైపు శుభ్రంగానే కనిపించింది. రేడియేటర్‌కూ కండెన్సర్‌కూ మధ్య ఉన్న సందులో వేలు పెడితే తెలిసింది: వరి నూగు, పొట్టు, ఇంజన్ ఆయిల్ తడి కలిసి మెత్తటి కంబళి ముక్కలాగా పట్టేసింది. గోటితో లాగితే పొరలుగా ఊడి వచ్చింది. గాలి ఎటు నుంచి లోపలికి పోతుందో దానికి ఎదురు వైపు నుంచి, అంటే ఇంజన్ వైపు నుంచి బయటికి, గాలి కొట్టాం. కార్లు కడిగే ప్రెషర్ నీళ్లు మాత్రం దగ్గర నుంచి కొట్టకూడదు, పలచటి రేకులు పడుకుంటాయి. ఒక గంట పని. ఆ మధ్యాహ్నమే తేడా తెలిసింది, ఎక్కువైన గ్యాస్ తీయించాక ఇంకా బాగుపడింది. చుట్టలు కట్టే రోజుల్లో ఇప్పుడు ప్రతి సాయంత్రం గాలి కొడుతున్నాం. క్యాబిన్ ఫిల్టర్ దులపడం, బెల్టు బిగువు చూడడం కూడా ఆ పనిలో పనే.

గ్యాస్‌కూ శుభ్రానికీ పోటీ పెడితే నా ఓటు శుభ్రానికే.

మీ క్యాబిన్‌లో హీటర్ కూడా ఉంటే ఇంకో సంగతి. చాలా బండ్లలో హీటర్, ఏసీ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. హీటర్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే 80-90 డిగ్రీల ఇంజన్ నీళ్లు ఆ డబ్బాలోని హీటర్ గొట్టాల్లో తిరుగుతూనే ఉంటాయి, ఏసీ చల్లబరిచిన గాలిని మళ్లీ వేడి చేస్తాయి. ఏసీ నడుస్తున్నప్పుడు హీటర్ వాల్వు దాటాక ఉన్న పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే ఆ పైపు మధ్యలో వేడినీళ్లకు తట్టుకునే చిన్న బాల్ వాల్వు పెట్టించి వేసవంతా మూసేయడమే. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం వచ్చే పని మరొకటి నాకు కనిపించలేదు.

ఇక ఫిల్మా, లోపల పరిచే షీటా? నేల మీద, సీటు వెనకాల రేకు మీద వేడి ఆపే ఫోమ్ షీటు పరిస్తే గేర్‌బాక్సు వేడి తగ్గుతుంది, మోత కూడా తగ్గుతుంది. కానీ మధ్యాహ్నం మూడు తర్వాత పడమటి ఎండ తలుపు అద్దంలోంచి నేరుగా తొడల మీద పడుతుంది, దాన్ని ఏ షీటూ ఆపదు. అక్కడ ఫిల్మే మేలు. నల్లటిది వద్దు. మోటారు వాహనాల నియమాల ప్రకారం ముందు, వెనుక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. అంతకన్నా ముఖ్యంగా, పొద్దుగూకే వేళ వెనక చుట్టలు కట్టే యంత్రం (బేలర్) దగ్గర మనిషి ఉన్నాడో లేదో డ్రైవర్‌కు కనబడాలి. వెలుతురును వదిలి వేడిని ఆపే సిరామిక్ ఫిల్మ్ ధర ఎక్కువే అయినా అదే వేయించాలి, ముందుగా పక్క తలుపులకు. బండి ఆపినప్పుడు పచ్చ నెట్ కప్పేటట్టయితే బయట నుంచి కప్పండి. లోపల కట్టిన గుడ్డ దాకా వచ్చిన ఎండ అప్పటికే క్యాబిన్‌లోకి వచ్చేసినట్టు.

పైన ఇంకో 12 వోల్టుల ఏసీ పెట్టించడం నాకు నచ్చలేదు. అది 60 ఆంపియర్లు లాగినా వచ్చేది 720 వాట్ల కరెంటే, చిన్న ట్రాక్టర్ ఆల్టర్నేటర్ ఆ బరువు మోయలేదు. కండెన్సర్ ఫ్యాన్ బలహీనంగా ఉంటే మంచి ఫ్యాన్ మార్చడం నయం.

చివరిగా బయటి గాలా, లోపలి గాలా? లోపలి గాలినే తిప్పితే క్యాబిన్ తొందరగా చల్లబడుతుంది, నిజమే. కానీ బయటి గాలి ఫిల్టర్ గుండా లోపలికి నెట్టుకొస్తేనే క్యాబిన్‌లో కాస్త ఒత్తిడి నిలిచి, సందుల్లోంచి దుమ్ము రాకుండా ఉంటుంది. తలుపు రబ్బర్లు బాగుంటే చుట్టలు కట్టేటప్పుడు లోపలి గాలి తిప్పుకోవచ్చు. మందు కొట్టేటప్పుడు మాత్రం చల్లదనం కోసం లోపలి గాలి తిప్పే స్విచ్ నొక్కవద్దు, ఒత్తిడి నిలవక మందు సందుల్లోంచి లోపలికి వస్తుంది. అలాగని బయటి గాలి తీసుకుంటే పూర్తి రక్షణ ఉందనుకోవద్దు: మామూలు కాగితపు ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది గానీ మందు ఆవిరిని ఆపదు. యూరప్‌లో ఈఎన్ 15695 ప్రమాణం కింద క్యాబిన్లను నాలుగు తరగతులు చేస్తే, ఆవిరి నుంచి కూడా కాపాడేది నాలుగో తరగతి ఒక్కటే. మా బండికి అలాంటి ఫిల్టర్ లేదు కాబట్టి, మందు కొట్టే రోజు ఏసీ ఎంత చల్లగా ఉన్నా మా డ్రైవర్ క్యాబిన్‌లో కూడా మాస్క్ పెట్టుకొనే కూర్చుంటాడు.