మీటర్ మంచిదే, 850 దగ్గరే మోసపోయా

మూడు నెలల కిందట బెజవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో 1,800 పెట్టి ఆప్టికల్ పవర్ మీటర్ కొన్నా, ఫైబర్ వైరులో వెలుగు ఎంత బలంగా వస్తుందో కొలిచేది. కృష్ణలంక వైపు చిన్న ఇంటర్నెట్ పని నాది. ఇదివరకు ఎర్ర లైటు పెన్నుతోనే నెట్టుకొచ్చేవాణ్ని, తెగిన చోటు దాంతో తెలుస్తుంది గానీ సిగ్నల్ ఎంత తగ్గిందో తెలియదు.

ఈ మీటర్ లోపల ఉండేది ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్. ఇంటికొచ్చే 1490 నానోమీటర్ల వెలుగు కంటికీ కనపడదు, సిలికాన్ డిటెక్టర్‌కీ అందదు. దీని మీద పడితే మాత్రం కొంచెం కరెంటు పుడుతుంది, దాన్నే డీబీఎంలో, అంటే వెలుగు బలం కొలిచే లెక్కలో చూపిస్తుంది, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. 3 తగ్గిందంటే వెలుగు సగమైపోయినట్టే. ఇళ్లలో మేం పెట్టే ఇంటర్నెట్ బాక్సులు -27 దాకా లాగుతాయి, నేను మాత్రం -24 దాటితే నిచ్చెన తీస్తా.

ఇక అసలు తలనొప్పి, ఏ వెలుగు కొలవాలో మనమే ఎంచుకోవాలి, ఆన్ చేసిన ప్రతిసారీ ఇది 850 నానోమీటర్ల మీదే మొదలవుతుంది. అది చూసుకోకుండా మొదటి వారంలోనే ఒకావిడ ఇంట్లో -21 కనపడేసరికి "సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందండీ, బాక్సే పోయింది" అని కొత్తది పెట్టేశా. దాని మీదా సిగ్నల్ లేదనే ఎర్ర లైటే! 1490కి మార్చి చూస్తే -28. 850 దగ్గర ఈ డిటెక్టర్‌కి కరెంటు తక్కువ పుడుతుంది కాబట్టి మీటర్ ఆ లోటు కలిపి లెక్కేస్తుందట, అందుకే లేని సిగ్నల్ చూపించింది. "బాబూ, నువ్వు చూసింది మా ఇంటి వైరేనా?" అందావిడ. మెట్ల మలుపులో క్లిప్పు కింద వైరు మడతపడి ఉంది, సరిచేసి కనెక్టర్ మూతి స్పిరిట్‌తో తుడిస్తే -22కి వచ్చింది.

ఒక ఫైబర్ వెలుగుని చాలా ఇళ్లకి పంచే స్ప్లిట్టర్ దగ్గర బాగా పనికొస్తుంది. ఎనిమిదికి పంచే దాంట్లో ఎలాగూ పదిన్నర డీబీ దాకా పోతుంది, అంతకు మించి బాగా పోతుంటే అనుమానం దాని మీదే. బాక్సు నుంచి వెనక్కి వెళ్లే 1310 మాత్రం దీంతో కొలవలేం, బాక్సు తన వంతు వచ్చినప్పుడే వెలుగు పంపుతుంది, దానికి పాన్ (PON) మీటర్ అని వేరే రకం కావాలి, రేటు చాలా ఎక్కువ. ఎండలో స్క్రీన్ అస్సలు కనపడదు, మన ఊళ్లో మధ్యాహ్నం స్తంభమెక్కేవాడికి ఇది చిన్న విషయం కాదు.

షాపతను ఓపికమంతుడు, తన మీటర్ పక్కన పెట్టి చూపించాడు, 0.3 తేడా అంతే. కొనొచ్చు. నేనైతే వెనక ప్లాస్టర్ అంటించి 1490 అని పెద్దగా రాసుకున్నా.