ఆర్ట్ క్లే సిల్వర్: ఇంట్లోనే వెండి కమ్మలు

జపాన్‌లో ఐదా కెమికల్ ఇండస్ట్రీస్ తయారుచేసే ఆర్ట్ క్లే సిల్వర్‌తో నేను ఎక్కువగా చెవి కమ్మలు, చిన్న లాకెట్లు చేస్తుంటాను. మెత్తటి వెండి పొడిలో నీళ్లు, మంటకు కాలిపోయే జిగురు కలిపిన ముద్ద ఇది. కాల్చాక మిగిలేది 99.9 శాతం వెండి.

నాకు అన్నిటికంటే నచ్చేది అచ్చు పడే తీరు. వేళ్లకు కాస్త నూనె రాసుకుని, ముద్దను పల్చగా ఒత్తి, రావి ఆకు వెనకవైపు అదిమితే సన్నని ఈనె కూడా దిగుతుంది. పూర్తిగా ఆరాక అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. చిన్న వస్తువులకు కిల్న్ (కాల్చే బట్టీ) అక్కర్లేదు, ఫైర్ బ్రిక్ (వేడిని తట్టుకునే ఇటుక) మీద పెట్టి గ్యాస్ టార్చ్‌తో కాల్చొచ్చు. ముందు జిగురు మండి పొగ వస్తుంది, తర్వాత నారింజ రంగు మెరుపు. దాన్ని కొన్ని నిమిషాలు నిలపాలి. మంట ఎక్కువైతే వెండి కరిగిపోతుంది. గదిలో వెలుతురు తగ్గిస్తే రంగు బాగా తెలుస్తుంది. చల్లారాక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఇత్తడి బ్రష్‌తో రుద్దగానే వెండి బయటపడుతుంది, ఎన్నిసార్లు చూసినా నాకు ఆనందమే.

కాల్చాక 8 నుంచి 10 శాతం కుంచించుకుపోతుంది, ఉంగరాలు పెద్ద సైజులో చేయాలి. రోజూ పెట్టుకునే పల్చటి ఉంగరానికి నేనైతే వాడను. స్వచ్ఛమైన వెండి మెత్తన, వంగిపోతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ లాంటి తీగ పని కూడా దీనితో ఆశించకండి.

మన ఎండలకు ముద్ద త్వరగా ఆరిపోతుంది, ఫ్యాన్ ఆపి కూర్చోండి. ధర మామూలు వెండి కంటే బాగా ఎక్కువ. కొత్తవాళ్లు పాలిమర్ క్లేతో (ప్లాస్టిక్ రకం ముద్ద) చేయి తిరిగాక చిన్న ప్యాకెట్ కొనుక్కోండి.