వాట్లు కాదు, త్రో చూడండి: కారు పాలిషర్లు వాడాక నా మాట

కారు పెయింట్‌కి పాలిషింగ్ మెషిన్ కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే, "ఎన్ని వాట్లది తీసుకోమంటారు?" అని. ఏళ్ల తరబడి నా నల్ల హ్యాచ్‌బ్యాక్ మీద, బంధువుల కార్ల మీద మూడు రకాల యంత్రాలు వాడాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, వాట్లు చివర చూడాల్సిన అంకె. ముందు చూడాల్సింది త్రో, అంటే ప్యాడ్ (పెయింట్‌ని రుద్దే ఫోమ్ లేదా ఉన్ని బిళ్ల) ఊగే వలయం ఎంత వెడల్పు అన్నది. తర్వాత ప్యాడ్ సైజు, ఆ తర్వాత మీ కారు ఒంపులు. ఈ మూడూ కుదిరితే 500 వాట్ల యంత్రం 1200 వాట్ల దాని కంటే మంచి పని చేస్తుంది.

మన దగ్గర పెయింట్ పాడయ్యేది ఎక్కువగా తుడవడం వల్లే. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచేస్తారు. రాత్రంతా పేరుకున్న దుమ్ము ఆ గుడ్డ కింద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. ఎండలో నిలబెట్టి చూస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులాంటి సన్న గీతలు కనిపిస్తాయి. వాటినే స్విర్ల్స్ అంటారు. బోరు నీళ్లు ఆరిపోయి మిగిల్చే తెల్ల మచ్చలు వాటికి తోడు. ఇవన్నీ ఉండేది రంగు మీద ఉండే పారదర్శక పొరలో, అంటే క్లియర్ కోట్‌లో. కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మనం జిరాక్స్‌కి వాడే కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు కనుక, క్లియర్ కోట్ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పాలిష్ అంటే ఆ పొరను గీత అడుగు దాకా అరగదీసి చదును చేయడమే. అరిగింది మళ్లీ రాదు. యంత్రం ఎంపికకు ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి కారణం ఇదే.

నా మొదటి యంత్రం రోటరీ. విజయవాడ ఆటోనగర్‌లో ఏ పెయింటింగ్ షెడ్డుకెళ్లినా మేస్త్రీల చేతుల్లో కనిపించేది ఇదే. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది. కొత్తగా పెయింట్ వేసి, 2000 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే సన్న ఉప్పుకాగితం) రుద్దాక మిగిలే మసకను రోటరీ, ఉన్ని ప్యాడ్ కలిసి తీసినంత వేగంగా ఇంకేదీ తీయదు. పాత కార్ల మీద ఎండకు తెల్లబారిన పెయింట్‌కీ అంతే. ఆ పనుల్లో నాకు దానిమీద ఇప్పటికీ గౌరవం ఉంది. కానీ వేడి ఒకేచోట పోగవుతుంది. డోర్ అంచుల దగ్గర, బానెట్ మీద ఉబ్బిన గీతల దగ్గర పెయింట్ పలచగా ఉంటుంది. అక్కడ రెండు క్షణాలు ఎక్కువ నిలిపితే చాలు, క్లియర్ కోట్ పోతుంది. పైగా ముదురు రంగు కారు మీద రోటరీతో ముగిస్తే ఎండలో వంపు తిరిగిన మెరుపు చారలు తేలతాయి, వాటిని హోలోగ్రామ్‌లంటారు. వాటిని తీయడానికి మళ్లీ ఇంకో విడత పని. ఇంట్లో తన కారు తానే చేసుకునేవాళ్లకి మొదటి యంత్రంగా రోటరీని నేను సూచించను.

ఆ తర్వాత 8 మిల్లీమీటర్ల త్రో ఉన్న డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ అనేది, తెచ్చుకున్నాను. ఇందులో ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడి చేరదు, హోలోగ్రామ్‌లు రావు. దీని వల్లే నాకు పెయింట్ మీద భయం పోయింది. అయితే నెమ్మది. గట్టి క్లియర్ కోట్ ఉన్న జర్మన్ కార్ల మీద అదే చోట ఎన్నిసార్లు తిప్పినా లోతు గీతలు అలాగే మిగిలేవి. మణికట్టు దగ్గర తిమ్మిరి పట్టి, సాయంత్రానికి గ్లాసు పట్టుకోవడం కష్టమయ్యేది. ఎప్పుడో ఒకసారి పాలిష్ చేసి, ఏటా వ్యాక్స్ వేసుకునేవాళ్లకి ఇది చాలు. నెలకొక కారు చేసేవాళ్లకి చాలదు.

అసలు మార్పు 15 మిల్లీమీటర్ల త్రోతో వచ్చింది. లెక్క చూడండి. ప్యాడ్ తన వలయం చుట్టూ ఒక్కసారి ఊగినప్పుడు, చుట్టుకొలత లెక్కన, 8 మిల్లీమీటర్ల యంత్రంలో సుమారు 25 మిల్లీమీటర్ల దారి నడుస్తుంది, 15 మిల్లీమీటర్ల దానిలో 47. అదే వేగం, అదే చేయి, పెయింట్ మీద నడిచే దారి మాత్రం దాదాపు రెట్టింపు. అందుకే గీత త్వరగా పోతుంది, అయినా వేడి అదుపులోనే ఉంటుంది. ఈ పెద్ద త్రో పద్ధతిని డీటెయిలింగ్ (కారును శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) లోకంలో బాగా వాడుకలోకి తెచ్చింది 1947లో మొదలైన ఇటలీ కంపెనీ రూపెస్. నేను ఎక్కువగా వాడింది వాళ్ల ఎల్‌హెచ్‌ఆర్ 15. 500 వాట్లే, ఐదంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ని అంటించే పళ్లెం). ధర విని ఇంట్లో నిట్టూర్చారు, నిజమే. కానీ బానెట్ చేస్తుంటే చేతికి అందే నునుపు, ఆ యంత్రం కంపనం ఎంత తక్కువో చూశాక ఆ డబ్బు గురించి మళ్లీ ఆలోచించలేదు. కాంపౌండ్‌తో, అంటే ఎక్కువ కోసే ముతక పాలిష్‌తో, పెద్ద విడత చేశాక కూడా పెయింట్ అద్దంలా ముగుస్తుంది. నల్ల కారున్న వాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది.

పెద్ద త్రో యంత్రాలన్నిటికీ ఒక స్వభావం ఉంది. ప్యాడ్ స్వేచ్ఛగా తిరిగేదే కాబట్టి బంపర్, ఫెండర్ ఒంపుల మీద ఒక పక్క బరువు పడితే తిరగడం ఆగి ఊగడం మాత్రమే మిగులుతుంది. అప్పుడు శబ్దం వస్తుంది కానీ గీత పోదు. బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. అది తిరుగుతూ కనిపిస్తున్నంతసేపూ పని జరుగుతున్నట్టు. గీత నిలిచిపోయిందంటే ఒత్తిడి తగ్గించండి, ప్యాడ్‌ని ఉపరితలానికి సమంగా పెట్టండి. ఈ ఇబ్బందే వద్దనుకునేవాళ్లకి గేర్లతో బలవంతంగా తిప్పే రకం ఉంది. జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వారి 3401 అందులో పేరున్నది. 900 వాట్లు, 8 మిల్లీమీటర్ల త్రో. మిత్రుడి దగ్గరున్నది కొన్నాళ్లు వాడి చూశాను. ఎంత నొక్కినా ఆగదు, కోత బలంగా ఉంటుంది. ఒంపుల మీద మాత్రం యంత్రం తనకు తోచిన వైపు లాగుతుంటే చేత్తో అదుపు చేయాలి. భుజబలం ఉన్నవాళ్లకి, గట్టి పెయింట్‌లకి మంచిది.

21 మిల్లీమీటర్ల త్రో తీసుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటి పెద్ద బండ్ల బానెట్, టాప్ మీద అది అద్భుతం. స్విఫ్ట్, బాలెనో లాంటి వాటి డోర్ల మీద దాని ఆరంగుళాల ప్లేట్‌కి చదునైన చోటే దొరకదు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి ఈ చిన్న కార్లే కదా. ఒకే యంత్రం కొనగలిగితే 15 తీసుకోండి. రెండోది కొనగలిగితే మూడంగుళాల ప్లేట్ ఉన్న చిన్నది తీసుకోండి. పిల్లర్లు, అద్దాల కవర్లు, నంబర్ ప్లేట్ చుట్టూ ఉన్న ఇరుకు, డోర్ హ్యాండిల్ కింది గోళ్ల గీతలు, ఇవన్నీ దానితోనే అవుతాయి.

ప్యాడ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం పని వాటిదే. ఒక కారుకి ఒకే ప్యాడ్ చాలదు. పని మొదలైన కాసేపటికే ఫోమ్ వేడెక్కి, అరిగిన క్లియర్ కోట్‌తో, ఎండిన పాలిష్‌తో నిండిపోతుంది. ఇక అది కోయదు, రుద్దుతుంది. గీతలు తీసే కోత ప్యాడ్లు కనీసం నాలుగు, చివర మెరుపు తెచ్చే ముగింపు ప్యాడ్లు రెండు ఉంచుకోండి. రెండడుగుల చదరం పూర్తయిన ప్రతిసారీ బ్రష్‌తో గానీ, కంప్రెసర్ గాలితో గానీ శుభ్రం చేయండి. ఎక్కువ నొక్కి పనిచేస్తే ప్యాడ్ మధ్యలో వేడి చేరి వెల్క్రో జిగురు ఊడిపోతుంది. ప్రతి డీఏలోనూ ఊగుడును సమతూకం చేసే ఒక కౌంటర్ వెయిట్ ఉంటుంది, దాన్ని ఆ యంత్రం ప్లేట్‌కి, ప్యాడ్‌కి తగ్గ బరువుతో బిగిస్తారు. అంతకంటే పెద్ద ప్యాడ్ తగిలిస్తే వణుకు మొదలవుతుంది, బేరింగ్‌లు త్వరగా పోతాయి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మన కోస్తా ఎండకు పాలిష్ ప్యానెల్ మీదే ఆరిపోతుంది. కాబట్టి పొద్దున్నే గానీ, నీడలో బానెట్ చేతికి చల్లగా తగిలేటప్పుడు గానీ చేయండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యకో, మరదలికో చెప్పి అక్కడి నుంచి యంత్రం తెప్పించుకునేవాళ్లు ఒక్క మాట వినండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని కొట్టుకునే కంటే ఇక్కడి వోల్టేజీది కొనడమే నయం. సర్వీసు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు కూడా ఇక్కడే దొరకాలి. బ్రష్‌లు అరిగినప్పుడు యంత్రం ఆగి ఆగి తిరుగుతుంది, లోపల నిప్పురవ్వలు ఎక్కువవుతాయి. మార్చడం చిన్న పని, పట్టించుకోకపోతే మోటారుకే ముప్పు.

డబ్బు మిగిలితే పెద్ద యంత్రానికి కాదు, మంచి చేతి లైటుకి, పెయింట్ మందం కొలిచే మీటరుకి పెట్టండి. మీటరు లేకుండా సెకండ్ హ్యాండ్ కారు మీద కాంపౌండ్ మొదలుపెట్టకండి. అంతకు ముందు ఎవరెన్నిసార్లు అరగదీశారో కంటికి తెలియదు.

పాలిషరే సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కానివ్వండి, ఎవరి ఇంట్లో కానివ్వండి, ముందు ప్లగ్ పీకి ప్లేట్‌ని చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్ పోయినట్టు. తర్వాత ప్యాడ్ తగిలించి, పెయింట్‌కి ఆనించి, తక్కువ వేగం నుంచి ఎక్కువకు తీసుకెళ్లండి. వేగం మెట్టు మెట్టుగా పెరగాలి. ప్యాడ్ గాల్లో ఉండగా స్పీడు పెంచి "చూడండి ఎలా తిరుగుతోందో" అని చూపించేవాళ్ల దగ్గర కొనకండి.