యాక్టివా బెల్ట్ మార్చాక 20 వేల కిలోమీటర్లు

స్కూటర్‌కి లోపల ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి చేర్చే బెల్ట్ ఉంటుందన్న సంగతి చాలామందికి అది తెగిన రోజే తెలుస్తుంది. ఇంజిన్ ఆగదు, ఎంత రేజ్ ఇచ్చినా రొదే తప్ప బండి కదలదు.

నా యాక్టివాని అందాకా రానివ్వలేదు. 25 వేల కిలోమీటర్లు దాటాక సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు వణుకు మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మోత పెరుగుతోంది గానీ స్పీడోమీటర్ ముల్లు పైకి పోవట్లేదు. ఎడమవైపు కవర్ విప్పిస్తే లోపలంతా నల్లటి రబ్బరు పొడి. బెల్ట్‌ని వెనక్కి వంచితే పళ్ల మధ్య సన్నటి పగుళ్లు. కొత్తదాని పక్కన పెడితే వెడల్పు తగ్గినట్టు కంటికే తెలిసిపోయింది. అరిగిన బెల్ట్ ముందువైపు పుల్లీలో (బెల్ట్ తిరిగే గాడి చక్రం) అంచుదాకా ఎక్కలేదు, టాప్ స్పీడ్ పోయేది అక్కడే.

కంపెనీ బెల్టే వేయించాను. మా బావమరిది బండికి సగం ధరకి వేసిన లోకల్ బెల్ట్ పొద్దున్నే కీచుమనేది, పదివేల కిలోమీటర్లు కూడా రాలేదు. లోకల్‌వన్నీ అంతేనని అనను, కానీ ఆ మిగిలే డబ్బు కోసం రెండుసార్లు కవర్ విప్పించడం నాకైతే దండగ.

అసలు చూడాల్సింది బిగించే పద్ధతి. మా మెకానిక్ వెనక పుల్లీని చేత్తో విడదీసి బెల్ట్‌ని లోతుగా నొక్కాడు. దాంతో ముందువైపు వదులొచ్చింది, అప్పుడు నట్ బిగించాడు. ఇలా చెయ్యకుండా నట్లు బిగించే గన్ పెట్టి లాగించేస్తే బెల్ట్ పుల్లీ ప్లేట్ల మధ్య ఇరుక్కుంటుంది. నట్ బిగిసినట్టే ఉంటుంది, నాలుగు రోజులు తిరిగాక వదులై క్రాంక్ షాఫ్ట్ పళ్లని తినేస్తుంది. దగ్గరుండి చూసుకోండి. బెల్ట్ మీద బాణం గుర్తుంటే అది తిరిగే వైపే ఉండాలి, గ్రీజు చెయ్యి తగలకూడదు.

ముందు పుల్లీలో ఉండి, వేగం పెరిగేకొద్దీ బెల్ట్‌ని అంచువైపు నెట్టే ఆరు రోలర్లూ ఒకపక్క చదునుగా అరిగాయి, వాటినీ మార్పించాను. పికప్ వెంటనే తిరిగొచ్చింది, ఇప్పటికీ బాగుంది. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వణుకు మాత్రం బెల్ట్‌తో పూర్తిగా పోలేదు. క్లచ్ పట్టుకునే డ్రమ్ము అద్దంలా నున్నగా అయిపోయింది, ఎమరీ పేపర్‌తో రుద్దాకే తగ్గింది. కాబట్టి వణుకు ఒక్కటే ఉంటే ముందు క్లచ్ చూపించండి. వానాకాలం నీళ్లలో నడిపాక బండి జారుతున్నట్టుంటే కంగారుపడి బెల్ట్ కొనేయకండి, తడి ఆరాక చాలాసార్లు దానంతటదే పట్టుకుంటుంది.