తాతగారి కర్రబాడీ జీపుకి మేస్త్రి కావాలని నాలుగు రోజులు తిరిగాం

చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో, పెంకుటింటి వెనక షెడ్డులో మా తాతగారి జీపు ఉంది. ఇంజినూ ఛాసిస్సూ విల్లీస్‌వి, పైన మాత్రం టేకు కర్రతో కట్టించిన వ్యాన్ లాంటి బాడీ, వెనక రెండు తలుపులు, లోపల ఎదురెదురుగా రెండు బల్లలు. ఆ రోజుల్లో బస్సుకైనా లారీకైనా బాడీ కట్టింది వడ్రంగులే కదా. అమ్మని పెళ్ళయ్యాక అత్తారింటికి దిగబెట్టింది ఈ జీపులోనే, నన్ను పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ దీన్లోనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను షెడ్డు రేకులు ఎగరగొట్టేసింది, మళ్ళీ కప్పించేసరికి రెండు నెలలు పట్టింది, అప్పటి నుంచి కింది కర్ర పుచ్చిపోతూ వస్తోంది. ఇంక ఆలస్యం చేస్తే మిగిలేది ఇనుమే అనిపించి సంక్రాంతి వెళ్ళిన వారం నేనూ మా బావా బయలుదేరాం.

మాలాగే పాత కర్రబాడీ బండి పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి ముందుగా చెప్పేదొకటి. ఫోటోలు పట్టుకుని వెళ్ళకండి, ముక్క పట్టుకుని వెళ్ళండి. మేము వెనక తలుపు ఒకటి ఊడదీసి, పుచ్చిన కింది కర్రలో రెండడుగుల ముక్క కోసి, మిగిలిన ఒక్క ఇత్తడి హ్యాండిల్‌తో సహా గోనె సంచుల్లో చుట్టి తీసుకెళ్ళాం. ఫోటో చూపిస్తే అందరూ "అయిపోద్ది బాబూ" అంటారు. ముక్క చేతికిస్తే ఎవరు ఎలాంటివారో నిమిషంలో తెలిసిపోతుంది.

విజయనగరంలో స్టేషన్ దగ్గర మొదటి లాడ్జిలో తలుపు లోపలికి తేనివ్వలేదు, రిసెప్షన్‌లో అరగంట బతిమాలినా ఒప్పుకోలేదు. గంటస్తంభం వైపు వెళ్తే ఒక పాత లాడ్జి చూసుకునే పెద్దాయన మెట్ల కింద పెట్టుకోమని జాగా చూపించి, పైన దుప్పటి కూడా కప్పారు. గది చిన్నది, వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు, తెల్లవారకుండానే బజారు చప్పుడు మొదలవుతుంది, అయినా నేను మళ్ళీ అక్కడే దిగుతాను. నాన్ ఏసీ 900 తీసుకున్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో మాత్రం ఈ ఊరు పెట్టుకోకండి, దసరా వెళ్ళిన మంగళవారం చుట్టూ గది అనే మాటే ఉండదు.

మొదట వెళ్ళింది హైవే మీద ఒక పెద్ద బాడీ షాపుకి. పేరు వద్దు. తలుపు వైపు కన్నెత్తి చూడకుండానే, కర్రంతా పీకేసి ఇనప స్క్వేర్ పైపులు పెట్టి రేకు కొట్టేస్తాం, పైన కర్ర రంగు స్టిక్కర్ వేస్తాం, పది రోజులు, లక్షా ఎనభై అన్నారు. అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. డబ్బు సంగతి అటుంచండి, 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలా ఉంటేనే 20,000 కట్టి నంబరులో వీఏ అక్షరాలతో కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, అది కూడా రోజూ తిప్పుకోవడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. స్క్వేర్ పైపులు పెట్టిన రోజే ఆ దారి మూసుకుపోతుంది. ఇంగ్లండులో మోరిస్ మైనర్ ట్రావెలర్ అని 1953 నుంచి 1971 దాకా తయారైన కారు ఉంది, వెనక సగం యాష్ కర్ర చట్రమే. అది అలంకారం కాదు, బరువు మోసే కర్ర, అందుకే అక్కడి ఏటేటి ఫిట్‌నెస్ పరీక్షలో కర్ర పుచ్చితే బండి ఫెయిల్ అయ్యేది. దానికి కొత్త కర్ర భాగాలు ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు. మన దగ్గర ఆ వసతి లేదు, ఒక్కో ముక్కా ఎవరో ఒకరు చేత్తో చెక్కాల్సిందే.

రెండో రోజు బొబ్బిలి. విజయనగరం నుంచి రైలూ ఉంది, బస్సూ ఉంది, తలుపుతో వెళ్ళేవాళ్ళకి రెండూ కాదు, మేము ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. పక్కనే గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళున్నాయి. పనస మొద్దు నుంచి వీణంతా ఒకే కర్రగా తొలుస్తారు, ఏకాండి వీణ అంటారు. కర్ర తెలిసినవాళ్ళు కదా, చేస్తారేమో అని నా ఆశ. వాకిట్లో కూర్చుని వీణ కుండ తొలుస్తున్న ఆయన ఉలి పక్కన పెట్టి మా తలుపు ఒళ్ళోకి తీసుకున్నారు, చెవి దగ్గరగా పెట్టుకుని ఉలి పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్ళారు. టక్ టక్ అని వస్తూ వస్తూ కింది మూలలో ఒకచోట దబ్ అని చచ్చిన చప్పుడు వచ్చింది. పైకి రంగు నున్నగా ఉంది, నేనైతే ఆ చోటు బాగుందనే అనుకున్నాను. సుద్దతో గీత గీసి, "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా లోపల పొట్టే బాబూ, మిగతాది బంగారం, ముట్టుకోకండి" అన్నారు. పని మాత్రం తీసుకోనన్నారు. మాది పలికే కర్ర, మీది మోసే కర్ర, బండి చేసినవాడిని పట్టుకోండి అని రాజాం వెళ్ళే దారిలో ఒక ఊరు చెప్పారు. గంట సేపు మాతో గడిపి పైసా తీసుకోలేదు. ఆ తట్టి వినడం ఒక్కటి నేర్చుకున్నా బొబ్బిలి ప్రయాణం గిట్టుబాటే.

ఆ ఊరి మేస్త్రికి డెబ్బై దాటి ఉంటాయి. ఎడ్లబండి చక్రాలు చేసిన ఇంటివారు, వయసులో ఉండగా లారీ కేబిన్లు కట్టారట. ఇప్పుడు గుమ్మాలూ మంచాలూ చేస్తున్నారు. ఆయన చేసిన మొదటి పని, మా కింది కర్ర ముక్క తిరగేసి అడుగు వైపు రంగు గీకడం. గీకితే మూడు చిల్లులు బయటపడ్డాయి, లప్పంతో పూడ్చి ఉన్నాయి. "ఏటి బాబూ ఇది, నీళ్ళు పోడానికి పెట్టిన దారులు ఎవలు మూసీసారు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. నేను కాలేజీలో ఉండగా నాన్న జీపుకి రంగు వేయించారు, అప్పటి పెయింటరు నున్నగా రావాలని పూడ్చేసి ఉంటాడు. ఇన్నాళ్ళూ పాపమంతా హుద్‌హుద్ మీద వేశాం. చిల్లులు తెరిచి ఉంటే ఆ రెండు నెలల వాన కూడా కిందికి కారిపోయేదేనట.

ఆయన ఒప్పుకున్న పద్ధతి ఇదీ. కర్ర మొత్తం మార్చరు, పుచ్చినంత మేర ఏటవాలుగా కోసి కొత్త ముక్కని అదే వాలుతో అతుకుతారు, రెండంగుళాల మందానికి పదహారు అంగుళాల వాలు ఉంటేనే బరువు నిలుస్తుందన్నారు. బొగ్గుతో నేల మీద గీసి చూపించారు. పాత స్క్రూలు రాకపోతే బలవంతంగా తిప్పకుండా, ఎర్రగా కాల్చిన కమ్మీ కొనని స్క్రూ తల మీద కాసేపు ఆనించి, చల్లారాక తిప్పారు, కిర్రుమని కదిలింది. మళ్ళీ బిగించేటప్పుడు ఇత్తడి స్క్రూలే కావాలన్నారు, ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కర్రని చీల్చేస్తుందని. కూలి ఆయనకి రోజుకి 1,200, సాయం వచ్చే మనవడికి 800. ఎన్ని రోజులు అంటే చెప్పలేదు, "ఇప్పి సూస్తేనే గానీ తెల్దు" అన్నారు. పది రోజులన్న మాట కంటే ఈ మాటే నాకు ధైర్యంగా అనిపించింది.

కర్ర కోసం విజయనగరం వెనక్కి వచ్చాం. కొత్త టేకు వద్దన్నారు, పచ్చిది తర్వాత మెలి తిరుగుతుంది. పాత మండువా ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే అడితిలో దూలం ఒకటి దొరికింది, సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగు, 2,800 చెప్పి 2,500కి ఇచ్చారు. వెళ్ళేటప్పుడు అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. మేము దూలం పొడవునా రాస్తే నాలుగు చోట్ల అంటుకుంది, లోపల విరిగిన మేకులున్నాయి, రంపం పళ్ళు పోయేవి.

మూడో రాత్రి శ్రీకాకుళంలో ఉన్నాం. రైల్లో వచ్చేవాళ్ళకి ఒక మాట, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊళ్ళోకి ఆటోనో బస్సో ఎక్కాలి. ఏడు రోడ్ల కూడలి దగ్గర హోటల్ గది శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, 1,600, కానీ ఒక్కరూ మనిషిలా పలకరించలేదు. భోజనం పక్క వీధి మెస్సులో చేశాం, పనసపొట్టు కూర ఆవ పెట్టి వండారు, బావ మూడుసార్లు వేయించుకున్నాడు. పొద్దున్నే అరసవల్లి దర్శనం చేసుకుని నరసన్నపేట మీదుగా బుడితి వెళ్ళాం.

బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊరు. పోయిన హ్యాండిల్‌కి జత చేయమంటే, బిందెలూ గంటలూ చేసేవాళ్ళం ఇంత చిన్నది దేనికి అని ముందు ఒప్పుకోలేదు, హ్యాండిల్ చేతిలో పెట్టాక ముఖం మారింది. ఉన్నదాన్ని అలాగే అచ్చు తీస్తే కొత్తది కాస్త చిన్నదవుతుంది, పోసిన ఇత్తడి చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి. ఆయన పాత హ్యాండిల్ మీద మైనం పలచగా పూసి, వేలితో నున్నగా రుద్ది, అప్పుడు మట్టిలో అచ్చు తీశారు. సాయంత్రానికి అయ్యే పని కాదు, కొరియర్‌లో పంపుతామన్నారు, పంపారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే రంగులో తప్ప తేడా లేదు. 1,400 తీసుకున్నారు.

కళింగపట్నం కూడా వెళ్ళాం, పడవలు కట్టేవాళ్ళకి కర్ర వంచడం తెలుసని. ఇప్పుడు తీరంలో ఫైబర్ పడవలే. కట్టే మనిషి ఎవరూ దొరకలేదు, లైట్‌హౌస్ చూసి వచ్చేశాం. ఈ పని మీద వెళ్ళేవాళ్ళు ఆ పూట అడితిలో గడపడం మేలు.

మేస్త్రి గారు ఎండాకాలంలో కింది కర్ర అతికారు, తలుపు మూల కూడా. మూడు చిల్లులూ మళ్ళీ తొలిచారు. లక్క పాలిష్ మాత్రం వానలు పూర్తిగా వెనక్కి తగ్గాకే అన్నారు, తేమలో పూస్తే తెల్లగా పొర కడుతుందట. దసరా వెళ్ళాక అని ఆయన అంటే సిరిమాను రోజుల్లో గది దొరకదని చెప్పాను. కార్తీకంలో రమ్మన్నారు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి రెండు టికెట్లు తీశాను, అదే లాడ్జికి ఫోన్ చేస్తే పెద్దాయన ఈసారి తలుపులు ఎన్ని తెస్తున్నారని అడిగారు.