గమన నియమాలకు ఫోన్‌లో సిమ్యులేషనా, స్ప్రింగ్ త్రాసా?

తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్ల నుంచి నన్ను తరచూ అడిగేది ఒకటే. "న్యూటన్ గమన నియమాలు మూడూ గడగడా అప్పజెబుతాడండీ, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం వేస్తాడు. ఫోన్‌లో సిమ్యులేషన్ చూపించాలా, ల్యాబ్ సామాను ఏదైనా కొనాలా?" మొన్న వేసవి సెలవుల్లో మా మేనకోడలికి ఈ పాఠం చెప్పాల్సి వచ్చి, నేనూ రెండూ ముందేసుకుని కూర్చున్నాను.

ముందు పిల్లలు ఎక్కడ జారిపడతారో చూడాలి. టేబుల్ మీద పుస్తకం ఉంది. భూమి దాన్ని కిందికి లాగుతోంది, టేబుల్ పైకి నెడుతోంది. ఈ రెండూ చర్యా ప్రతిచర్యలేనా? నేను అడిగిన పిల్లల్లో ఎక్కువమంది ఆలోచించకుండా అవునన్నారు. మా మేనకోడలూ అంతే. సమానంగా ఉన్నాయి, ఎదురెదురుగా ఉన్నాయి, ఇంకేం కావాలి అంది. కానీ ఆ రెండు బలాలూ పనిచేసేది ఒకే పుస్తకం మీద. ప్రతి చర్యకూ సమానంగా, ఎదురు దిశలో ప్రతిచర్య ఉంటుందని మూడో నియమం చెప్పే జత ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటుంది. భూమి పుస్తకాన్ని లాగితే పుస్తకం భూమిని లాగుతుంది. టేబుల్ పుస్తకాన్ని పైకి నెడితే పుస్తకం టేబుల్‌ని కిందికి నొక్కుతుంది. ఏది దేని మీద అన్నది తేలకపోతే బలాల బొమ్మ తప్పుతుంది, బొమ్మ తప్పితే లెక్కా తప్పుతుంది. అందుకే నేను ఏ పరికరాన్నైనా ముందు ఈ ఒక్క విషయంలోనే చూస్తాను.

సిమ్యులేషన్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం. వాటిలో బలాలు, గమనం మీద ఉన్నది తెరిచి, ఘర్షణ మీటని సున్నాకి జరిపి ఫ్రిజ్‌ని ఒక్కసారి తోసి వదిలేయండి. అది పోతూనే ఉంటుంది. బయటి బలం ఆపకపోతే కదిలేది కదులుతూనే ఉంటుందనే మొదటి నియమాన్ని ఇంత శుభ్రంగా మన ఇంటి గచ్చు మీద చూపించలేం. దొర్లించిన బంతి ఆగిపోతే "దాంట్లో బలం అయిపోయింది" అంటారు పిల్లలు. అరిస్టాటిల్ తర్వాత వందల ఏళ్లపాటు పెద్ద పెద్ద పండితులు కూడా దాదాపు అదే ధోరణిలో ఆలోచించారు కాబట్టి పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఇంట్లో దీనికి దగ్గరగా వచ్చేది పౌడర్ చల్లిన క్యారమ్ బోర్డు. పౌడర్ లేకుండా ఒకసారి, చల్లాక ఒకసారి స్ట్రైకర్ కొట్టించండి.

చిక్కంతా అదే సిమ్యులేషన్‌లోని తాడు లాగుడు ఆటతో. మధ్యలో బండి, అటూ ఇటూ మనుషులు. పెద్దవాళ్లు ఉన్నవైపు బాణం పెద్దది, బండి అటే పోతుంది. ఫలిత బలం, అంటే అన్ని బలాలూ కలిపితే మిగిలేది, నేర్పడానికి అది బ్రహ్మాండం. కానీ అక్కడ చూపించేవి బండి మీద పనిచేసే రెండు బలాలు మాత్రమే. పిల్లలకి మాత్రం "బలమైనవాడు ఎక్కువ లాగుతాడు, బలహీనుడు తక్కువ లాగుతాడు" అని మనసులో నాటుకుపోతుంది. ఇక మూడో నియమం దగ్గర "రెండూ సమానం" అంటే పరీక్ష కోసం రాస్తారు గానీ నమ్మరు.

నమ్మించేది స్ప్రింగ్ త్రాసు. ఒకటి కాదు, రెండు. కొక్కేలు రెండూ ఒకదానికొకటి తగిలించి, ఒకటి మేనకోడలికి, రెండోది నాలుగో తరగతి చదివే దాని తమ్ముడికి ఇచ్చాను. ఎవరి ముల్లు ఎక్కువ చూపిస్తుందని అడిగితే అక్కదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. లాగారు. ఇటు 12 న్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం), అటూ 12. అది ఇంకా గట్టిగా లాగింది. 18, 18. వాడు చేతులు బిగించాడు, అయినా రెండు ముళ్లూ కలిసే కదిలాయి. "మరి నేనెందుకు గెలుస్తున్నాను?" అంది. సాక్సులు వేసుకుని టైల్స్ మీద నిలబడమన్నాను. ఈసారి వాడే దాన్ని జరజరా లాక్కుపోయాడు, ముళ్లు మాత్రం సమానంగానే ఉన్నాయి. గెలుపు తేలేది పాదాలకీ నేలకీ మధ్య ఘర్షణ దగ్గర. తర్వాత తమ్ముణ్ణి పక్కకి తప్పించి వాడి త్రాసుని కిటికీ ఊచకి కట్టాం. మేనకోడలు లాగితే కిటికీ వైపు త్రాసు కూడా అంతే చూపించింది. "కిటికీ కూడా లాగుతోందా మామయ్యా!" అని దగ్గరికెళ్లి ముల్లు చూసుకుంది.

కొనేటప్పుడు ఒకటి రెండు జాగ్రత్తలు. న్యూటన్లలో గీతలున్న, స్కూలు ల్యాబుల్లో వాడే రకం తీసుకోండి. కిలో బరువు వేలాడదీస్తే ముల్లు 9.8 దగ్గర ఆగాలి. నిలువుగా పట్టుకున్నప్పుడు సున్నా చూపించేది, అడ్డంగా పెడితే కొక్కెం బరువు స్ప్రింగ్‌ని లాగదు కాబట్టి కాస్త వెనక్కి పోతుంది. ఆట మొదలుపెట్టే ముందు సరిచేసుకోండి. సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటా ఈ పనికి సరిపోదు. చాలావాటిలో అంకె ఒకచోట స్థిరపడి అక్కడే ఆగిపోతుంది, లాగుతుంటే మారేది కనిపించదు.

వీడియోలా? 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకిన వీడియో ఒక్కటి చూపించండి చాలు. ఇక బలం = ద్రవ్యరాశి × త్వరణం అనే సూత్రం పట్టుకుని లెక్కలు చేయించడం రెండో నియమానికి ఎలాగూ తప్పదు, అది స్కూల్లో చేయిస్తారు.

రెండూ కుదిరితే మొదటి రోజు సిమ్యులేషన్‌లో ఫ్రిజ్, రెండో రోజు త్రాసులు. తాడు లాగుడు ఆట మాత్రం త్రాసుల తర్వాతే తెరవండి. ఒక్కదానికే వీలుంటే నేను త్రాసులే కొంటాను, అదీ జతగా. ఒక్కటే కొంటే కిటికీ వైపు ఏం చూపిస్తుందో తెలియదు కదా.