సిమ్‌హెచ్‌: సర్వర్‌లో సర్వీసుగా నడిపితే ఎలా ఉంటుంది?

ఒకప్పుడు కంప్యూటర్లు తయారుచేసిన ఈసీఐఎల్ ఉన్న హైదరాబాద్‌లో పాత యంత్రాల మీద మక్కువ ఉన్నవాళ్లు తప్పక పెట్టుకోవాల్సిన ఉచిత ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించేది) సిమ్‌హెచ్. 1970 నాటి పీడీపీ-11 మినీకంప్యూటర్‌ను లినక్స్‌పై చక్కగా నడుపుతుంది.

చిక్కంతా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను వెనకాల నడిపే వ్యవస్థ) కింద పెట్టినప్పుడే. అక్కడ టెర్మినల్ ఉండదు కాబట్టి కన్సోల్‌ను (ఆ యంత్రం తెర, కీబోర్డును) టెల్నెట్ పోర్టుకు (నెట్‌వర్క్‌ మీదుగా కనెక్ట్ అయ్యే చోటుకు) మళ్లించి, బఫర్డ్‌గా (ఎవరూ కనెక్ట్ కాకున్నా ఔట్‌పుట్‌ను దాచుకునేలా) పెట్టండి. లేదంటే ఎవరో ఒకరు కనెక్ట్ అయ్యేదాకా బూట్ కదలదు. ఆ పోర్టును బయటికి తెరవొద్దు, ఎస్‌ఎస్‌హెచ్ టనెల్‌లోంచే (గుప్తీకరించిన దారిలోంచే) వెళ్లండి. సిమ్‌హెచ్ సెట్టింగుల ఫైల్‌లో 'సెట్ సీపీయూ ఐడిల్' రాయకపోతే ప్రాసెసర్‌లో ఒక కోర్ మొత్తం దానికే పోతుంది.

పెద్ద లోటు ఆపడంలో ఉంది. సర్వీసు ఆపితే లోపలి యునిక్స్‌కు (ఆ పీడీపీ-11 మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు) కబురే అందదు. మెమరీలో ఉన్నది డిస్క్ ఇమేజ్‌కు (పాత డిస్క్‌కు బదులుండే ఫైల్‌కు) చేరక ఫైల్‌సిస్టమ్ చెడిపోవచ్చు. ఎగ్జెక్‌స్టాప్‌లో (సర్వీసు ఆపేటప్పుడు సిస్టమ్‌డీ నడిపే ఆదేశంలో) ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టు (మనిషి బదులు కన్సోల్‌లో టైప్ చేసేది) పెట్టి, ముందు సింక్ (మెమరీలోది డిస్క్‌కు రాయడం), తర్వాత హాల్ట్ (యంత్రాన్ని ఆపడం) చేయించాలి. మన ఎండాకాలపు కరెంటు కోతలకు యూపీఎస్ సిగ్నల్‌ను కూడా ఆ స్క్రిప్టుకే కలపండి.